ఆడంబర వినియోగం

అవసరానికి కాక, తమ సంపదా హోదా నలుగురి కంటా పడాలని ఖరీదైన వస్తువులు కొనడం. అమెరికా ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో ‘ద థియరీ ఆఫ్ ద లీజర్ క్లాస్’ గ్రంథంలో దీన్ని సిద్ధాంతీకరించాడు. చేత్తో చేసిన వెండి చెంచా, కొన్ని సెంట్లకే దొరికే యంత్రపు చెంచాకన్నా పనిలో మెరుగేమీ కాదనీ, అయినా గౌరవమంతా దానికేననీ ఆయన చూపాడు. ధర పెరిగేకొద్దీ గిరాకీ పెరిగే సరుకులను ‘వెబ్లెన్ వస్తువులు’ అంటారు.

హోదా చూపుకోవడంలోని ఈ పోటీ భారం తక్కువ ఆదాయం ఉన్నవారిపైనే ఎక్కువగా పడుతుంది, అన్యాయంగా పడుతుంది. పైవారి ఖర్చు చూసి మధ్యతరగతి, వారిని చూసి పేదలు తమ ఖర్చు స్థాయిని పెంచుకుంటారు. పొదుపు కరిగి అప్పు మిగులుతుంది. తెలుగునాట పెళ్లిళ్లలో బంగారం, కల్యాణ మండపం, విందు ఇలాగే పెరిగాయి. దీన్ని కుటుంబాల అవివేకమనడం సరికాదు: సంబంధం కుదరడమే వాటిపై ఆధారపడితే ఒక్క ఇల్లు మాత్రమే వెనక్కి తగ్గడం సాధ్యం కాదు. అందుకే రాబర్ట్ ఫ్రాంక్ వంటి ఆర్థికవేత్తలు ఖర్చు పెరిగేకొద్దీ రేటు పెరిగే వినియోగ పన్నును ప్రతిపాదించారు.