కరాటే క్లాసులో చేరే ముందు: కోడి రామ్మూర్తి గారు ఎక్కడ నేర్చుకున్నారు?

పోయిన నెల ఆమదాలవలస నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. పదకొండేళ్లు. "మావయ్యా, కరాటేలో చేరతాను, ఎక్కడ చేరమంటావ్?" అంది. వెంటనే ఏం చెప్పలేకపోయాను. ఎందుకంటే నేనే ఒకసారి తప్పుగా ఎంచుకున్నాను.

బీటెక్‌లో ఉన్నప్పుడు ఒక క్లాసులో చేరా. పేరు వద్దులెండి. మూడు నెలలకి పసుపు బెల్టు, ఇంకో మూడు నెలలకి ఆరెంజ్ బెల్టు. ప్రతి బెల్టుకీ పరీక్ష ఫీజు. మాస్టారు మాత్రం ఎక్కువగా ఫోటోల రోజే కనిపించేవారు. ఒకరోజు స్పారింగ్‌లో వెనక్కి పడ్డాను, చెయ్యి ఆనించాను, మణికట్టు విరిగింది. ఆరు నెలల్లో ఎలా పడాలో ఎవరూ నేర్పలేదు!

అందుకే ఈసారి చరిత్ర వెతికాను. మొదలుపెట్టేవాళ్లు అప్పట్లో ఎలా ఎంచుకునేవారు?

మన దగ్గర నుంచే మొదలుపెడదాం. కోడి రామ్మూర్తి నాయుడు గారు, కలియుగ భీముడు. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్న మనిషి. పుట్టింది 1880ల మొదట్లో, వీరఘట్టంలో. చిన్నప్పుడే తల్లి పోయింది. విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే బాబాయి ఇంటికి పంపారు. అక్కడి వ్యాయామశాలలో మొదలైంది ఆయన కథ. ఆ రోజుల్లో సాము గరిడీ అంటే ఎర్రమట్టి నేల, దండీలు, బస్కీలు, కుస్తీ, కర్రసాము. బెల్టులు లేవు, సర్టిఫికెట్లు లేవు. ఎవరు బాగా నేర్పుతారో ఊరందరికీ తెలుసు, ఎందుకంటే సాధన అందరి కళ్ల ముందే జరిగేది.

ఇంకో విషయం. అంత బలం ఉండి కూడా ఆయన మద్రాసు దగ్గర సైదాపేట వెళ్లి, వ్యాయామం ఎలా నేర్పాలో శిక్షణ తీసుకున్నారు. తిరిగొచ్చి విజయనగరంలో బడిపిల్లలకి నేర్పారు. సర్కస్, బిరుదులు అన్నీ ఆ తర్వాతే. బలం ఉండటం వేరు, నేర్పడం వేరని ఆయనకి తెలుసు.

మరి ఈ బెల్టులు ఎక్కడివి? దాదాపు అదే కాలంలో జపాన్‌లో కానో జిగొరో అనే కుర్రాడు ఉండేవాడు. బక్కపల్చటి మనిషి, తోటివాళ్లు ఏడిపించేవారు. జుజుత్సు నేర్చుకుందామంటే గురువు దొరకలేదు. చివరికి ఎముకలు కట్టే వైద్యుల్ని అడిగాడు, ఎందుకంటే వాళ్లలో చాలామంది పాత జుజుత్సు మనుషులే. అలా 1877లో ఫుకుదా అనే గురువు దొరికారు. 1882లో కానో జూడో మొదలుపెట్టాడు. నల్ల బెల్టు తెచ్చింది ఆయనే. కరాటే దాన్ని అక్కడి నుంచే తీసుకుంది. పసుపు, ఆరెంజ్ లాంటి రంగులు తర్వాత యూరప్‌లో వాడుకలోకి వచ్చాయి. అంటే బెల్టు పాత ఆచారం కాదు, ఎంతవరకు నేర్చుకున్నామో చూపే గుర్తు, అంతే. జూడోలో మాత్రం మొదట నేర్పేది పడటమే!

మళ్లీ మన జిల్లాకి వద్దాం. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. అక్కడి కరణం మల్లీశ్వరి పన్నెండేళ్ల వయసులో నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర వెయిట్ లిఫ్టింగ్ మొదలుపెట్టింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. అది మార్షల్ ఆర్ట్ కాదు, నిజమే. కానీ మొదటి అడుగు ఊళ్లో ఉన్న గురువు దగ్గరే పడింది.

ఇదంతా చదివాక మేనకోడలితో రెండు క్లాసులకి వెళ్లా. ఒక్కోచోట గంటసేపు ఓ మూల కూర్చుని చూశాం. మాస్టారు స్వయంగా నేర్పుతున్నారా? పడటం నేర్పుతున్నారా? నొప్పి అని పిల్ల అంటే ఆపుతున్నారా? రెండు మూడేళ్లుగా ఉన్న పిల్లలు ఉన్నారా? ఆడపిల్లల తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చా? బెల్టు పరీక్షలతో కలిపి ఏడాదికి ఎంత? మాస్టారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

మొదటిచోట ఏసీ హాలు, గోడ నిండా కప్పులు. కూర్చుని చూస్తామంటే కుదరదన్నారు. ముందు ఫీజు కట్టమన్నారు. రెండోచోట రేకుల షెడ్డు, పాత చాపలు. మాస్టారు తన గురువు పేరు, ఊరు చెప్పారు. ఆ గంటలో సగం, పిల్లలు పడి లేవడమే చేశారు.

"ఇక్కడే" అంది మా పిల్ల. "ఎందుకే?" అన్నాను. "ఒక పాప ఏడిస్తే సార్ క్లాస్ ఆపి పక్కన కూర్చున్నారు" అంది. నేను రాసుకెళ్లిన లిస్టులో అది లేదు.

చేరి మూడు వారాలైంది. బెల్టు ఇంకా తెల్లదే. మీరు కూడా డబ్బు కట్టే ముందు ఒక గంట కూర్చుని చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!