అదృష్టం ఏ సర్వర్లో ఉంటుంది?

ఆన్‌లైన్ పోకర్ గురించి ఎవరు మొదలుపెట్టినా కాసేపటికి ఒక పేరు దగ్గరికి వచ్చి తీరతారు. క్రిస్ మనీమేకర్. ఏదో స్టైల్‌గా పెట్టుకున్న పేరు కాదండోయ్, నిజంగా ఇంటిపేరే అది! అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో అకౌంటెంటుగా పనిచేసేవాడు. 2003లో పోకర్‌స్టార్స్ సైట్‌లో 86 డాలర్లు కట్టి ఒక చిన్న టోర్నమెంట్ ఆడాడు. అది గెలిచి దానిపై టోర్నమెంటుకీ, అక్కడ కూడా నెగ్గి లాస్ వేగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంటుకీ వెళ్ళాడు. మామూలుగా అయితే దాని ఎంట్రీ ఫీజు 10,000 డాలర్లు. ఆ ఏడాది 839 మంది ఆడితే, ఈ 27 ఏళ్ళ అకౌంటెంటు అందర్నీ దాటుకుని 25 లక్షల డాలర్లు పట్టుకెళ్ళాడు.

దాంతో ప్రపంచమంతా పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. మరుసటి ఏడాది అదే పోటీకి 2,576 మంది వచ్చారు. 2006కల్లా ఆ సంఖ్య 8,773. "వాడికి తగిలింది, మనకెందుకు తగలదు?" అన్నదే లెక్క. ఖాళీ చేతులతోనో, అంతకన్నా తక్కువ ప్రైజులతోనో ఇంటికెళ్ళిన మిగతా 838 మంది కథ ఎవరికీ అక్కర్లేదు. అది సహజమే.

ఇక్కడ ఎప్పుడూ ఒక పాత గొడవ మొదలవుతుంది: పేకాట నైపుణ్యమా, అదృష్టమా అని. మనవాళ్ళకిది కొత్త కాదు. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ళని పోలీసులు పట్టుకుంటే, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967లో కోర్టు, రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని తేల్చింది. ఆ తీర్పునే ఆన్‌లైన్ గేమ్ కంపెనీలు దశాబ్దాల తర్వాత కూడా గొడుగులా పట్టుకుని తిరిగాయి.

కానీ ఆ క్లబ్బుకీ వెబ్‌సైటుకీ ఒక తేడా ఉంది. క్లబ్బులో పేక కలిపేది అందరి కళ్ళముందే. అనుమానం వస్తే ఇంకోసారి కలపమనొచ్చు. నా ముక్కలు నా చేతిలోనే ఉంటాయి, డబ్బు బల్లమీదే ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఈ మూడూ సర్వర్లోకి వెళ్ళిపోతాయి. అంటే ఎవరికైనా "లక్కీ నైట్" అనేది రావాలంటే ముందు మూడు విషయాలు సరిగ్గా ఉండాలి. పేక నిజంగా కలవాలి. నా ముక్కలు ఇంకెవరికీ కనపడకూడదు. స్క్రీన్ మీద కనిపించే డబ్బు నిజంగా ఎక్కడో ఉండాలి. వీటిలో ఏదీ అదృష్టం కాదు. ఆన్‌లైన్ పోకర్ చరిత్రలో ఈ మూడూ ఒక్కోసారి తప్పాయి.

మొదటిది 1999లో. డబ్బు పెట్టి ఆడే మొట్టమొదటి ఆన్‌లైన్ పోకర్ సైటు ప్లానెట్ పోకర్, 1998లో మొదలైంది. దానికి సాఫ్ట్‌వేర్ రాసిన కంపెనీ తమ నిజాయితీ చూపించుకోడానికి పేక కలిపే కోడ్‌ని నెట్‌లో పెట్టేసింది. అక్కడే దొరికిపోయింది. 52 ముక్కల్ని ఎన్ని రకాలుగా పేర్చొచ్చంటే, 8 పక్కన 67 సున్నాలు పెట్టుకోండి. ఆ కోడ్‌లో ర్యాండమ్ నంబర్ సీడ్ 32 బిట్లు. అంటే ఎంత చించుకున్నా సుమారు 430 కోట్ల రకాలకి మించి రావు. ఆ సీడ్ ఎక్కణ్ణించి తీసుకున్నారయ్యా అంటే, అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో ఆ లెక్క! రోజుకి 8 కోట్ల 64 లక్షల మిల్లీసెకన్లు. గడియారాన్ని సర్వరు టైముతో సరిపోల్చుకుంటే వెతకాల్సినవి సుమారు 2 లక్షలే. రిలయబుల్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీస్ అనే సంస్థ ఇంజనీర్లు ఈ లోపం పట్టుకుని ఒక ప్రోగ్రాం రాశారు. చేతిలో ఉన్న 2 ముక్కలూ, బల్లమీద పడ్డ 3 ముక్కలూ ఇస్తే చాలు, మిగతా అందరి దగ్గరా ఏముందో, తర్వాత ఏ ముక్క పడుతుందో చెప్పేస్తుంది. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి విషయం బయటపెట్టారు. అదే ప్రోగ్రాం ఇంకెవడైనా రాసుకుని నోరు మూసుకుని ఉంటే, వాడికి ప్రతి రాత్రీ లక్కీ నైటే.

రెండోది 2007 సెప్టెంబరులో, అబ్సొల్యూట్ పోకర్ సైట్‌లో. పాట్‌రిప్పర్ అనే పేరుతో ఆడినవాడు ఒక టోర్నమెంట్ గెలిచాడు. చివరి చేతిలో అవతలివాడు మొత్తం చిప్స్ ముందుకి తోస్తే, వీడు జతైనా లేకుండా, పదికి మించిన ముక్క లేకుండా "సరే" అన్నాడు. గెలిచాడు. ఆ ధైర్యం చూసి రెండో స్థానంలో వచ్చినవాడికి అనుమానమొచ్చి, తను ఆడిన చేతుల వివరాలు పంపమని సైటుని అడిగాడు. వాళ్ళు ఒక ఎక్సెల్ ఫైల్ పంపారు. పొరపాటునో ఏమో, అందులో అందరి ముక్కలూ, ఐపీ అడ్రసులూ కూడా ఉన్నాయి!

దాన్ని పోకర్ ఆడేవాళ్ళే కూర్చుని డీబగ్ చేశారు. పాట్‌రిప్పర్ మొదటి రెండు చేతులు వదిలేశాడు. అంతలో ఆట చూడ్డానికి ఇంకో అకౌంట్ వచ్చి చేరింది, నంబరు 363. అది వచ్చిన దగ్గర్నుంచి దాదాపు 20 నిమిషాలు ఇతను మొదట్లోనే ముక్కలు పడేసిందే లేదు. చివరికి పడేసింది ఎప్పుడంటే, అవతల ఒకరి చేతిలో రెండు రాజులు ఉన్నప్పుడు. 363 ఐపీని తవ్వితే అది సైటు నడిపేవాళ్ళ వైపుకే దారితీసింది. అందరి ముక్కలూ కనిపించే లోపలి అకౌంట్ అది. అంతకుముందు పెద్ద పందేల క్యాష్ గేముల్లో కూడా కొన్ని అకౌంట్లు ఇలాగే గెలిచాయని తేలింది. లైసెన్సు ఇచ్చిన కెనడాలోని కానవాకే గేమింగ్ కమిషన్ 2008లో సైటుకి 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ప్రొడక్షన్ డేటాబేసు యాక్సెస్ ఎవరికి ఉందో చూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకింకోటి కనపళ్ళేదు.

మూడోది డబ్బు సంగతి. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, అబ్సొల్యూట్ సైట్ల మీద కేసులు పెట్టి డొమైన్లు లాగేసుకుంది. ఆటగాళ్ళు ఆ రోజుని బ్లాక్ ఫ్రైడే అంటారు. పోకర్‌స్టార్స్ డబ్బు తిరిగిచ్చింది. ఫుల్ టిల్ట్ మాత్రం ఆటగాళ్ళకి సుమారు 39 కోట్ల డాలర్లు బాకీ ఉంటే, బ్యాంకులో ఉన్నది 6 కోట్లేనని అమెరికా న్యాయశాఖ ఆ సెప్టెంబరులో చెప్పింది. అబ్సొల్యూట్‌లో డబ్బున్నవాళ్ళు దాని మొహం చూడ్డానికి 2017 దాకా ఆగాల్సొచ్చింది. ఏదో ఒక రాత్రి కష్టపడో కలిసొచ్చో గెలిచినదంతా ఆరేళ్ళపాటు స్క్రీన్ మీది అంకె మాత్రమే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆన్‌లైన్ ఆటలకి బలయ్యేవాళ్ళు లెక్కలు రానివాళ్ళని ఒక అపోహ ఉంది. మా పాత టీంలో ఒకబ్బాయి, ప్రాబబిలిటీలో మా అందరికన్నా గట్టివాడు, ఒక శనివారం రాత్రి టోర్నమెంటులో వచ్చిన డబ్బు గురించి రెండేళ్ళు చెప్పాడు. టోర్నమెంటులో పోయేది ఎంట్రీ ఫీజే. ఆ గెలిచిన డబ్బుతో క్యాష్ గేముకి వెళ్తే అక్కడ చిప్సే డబ్బు, పోతే మళ్ళీ వేసుకోవచ్చు, తెల్లారేదాకా వేసుకోవచ్చు. పైగా పందెం డబ్బులోంచి సైటు తన వాటా తను తీసుకుంటుంది. అంటే బల్లచుట్టూ కూర్చున్నవాళ్ళ మొత్తం డబ్బు గంటగంటకీ తగ్గుతూనే ఉంటుంది. ఇది అతనికి తెలియని లెక్కేం కాదు. ఓసారి నేను, "మొత్తం ఎంత వేశావు, మొత్తం ఎంత తీశావు?" అనడిగాను. టీ తాగడం ఆపి, "అలా ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. సరైన పనా, అతి చేశారా అని వాదించుకోవచ్చు. చట్టం ఇక్కడి కంపెనీని ఆపగలదు. ఎక్కడో దేశంకాని దేశంలో ఉన్న సర్వరు వెతుక్కుని మరీ ఆడేవాడికి మాత్రం పై మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పే నాథుడే ఉండడు.

మనీమేకర్ గెలుపు నిజం, అందులో అనుమానం లేదు. అయితే అతను గెలిచిన చివరి ఆట వేగాస్‌లో, నిజమైన బల్ల దగ్గర, అందరి ముందూ పేక కలుపుతుండగా జరిగింది. ఈసారి మీ క్యూబికల్ పక్కన ఎవరైనా లక్కీ నైట్ కథ మొదలుపెడితే ఆపకండి, సరదాగానే ఉంటుంది. కథ అయ్యాక మాత్రం ఆ రెండు అంకెలూ అడగండి.