కార్టిసాల్ గడియారం, అమ్మల మీద నింద

మన సర్వర్లలో క్రాన్ జాబ్ ఉన్నట్టే ఒంట్లోనూ ఒకటుంది. దాని పేరు కార్టిసాల్. పొద్దున లేచిన అరగంటకి బాగా పెరిగి, పగలంతా తగ్గుతూ వచ్చి, పడుకునే వేళకి అడుగంటుతుంది. నైట్ షిఫ్టులు చేసే మనకి ఇది గాడి తప్పితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు :)

మరి ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ గడియారం సంగతేంటి? ఈ ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది.

1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లల గురించి రాశాడు. వాళ్ళకి అంతా రోజూ ఒకేలా జరగాలి, చిన్న మార్పొచ్చినా తట్టుకోలేరు అని అప్పుడే గమనించాడు. కానీ తల్లిదండ్రులు ముభావంగా ఉంటారనీ ఆయనే రాశాడు. తర్వాతివాళ్ళు రెండో మాటే పట్టుకున్నారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ తల్లుల్ని తప్పుపడుతూ ఏకంగా పుస్తకమే వేశాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్‌లాండ్ ఇది మెదడుకి సంబంధించినదని వాదించాడు. ఆయన కొడుక్కీ ఆటిజం ఉంది.

ఈ పిల్లల కార్టిసాల్‌ని 1970ల్లోనే కొలిచారు. ఉమ్మితో కొలిచే పద్ధతి వచ్చాక పని తేలికైంది. సూది చూస్తేనే హడలిపోయే పిల్లాడికి సూది గుచ్చి ఒత్తిడి ఎంతో కొలిస్తే ఏం లాభం? 2006లో కాలిఫోర్నియాలో బ్లైత్ కార్బెట్ బృందం కొద్దిమంది పిల్లలకి ఉత్తుత్తి ఎమ్మారై యంత్రం చూపించింది. ఆటిజం ఉన్నవాళ్ళలో కార్టిసాల్ ఎక్కువ పెరిగింది, రోజువారీ లయ కూడా నిలకడగా లేదు. అయితే అన్ని అధ్యయనాల్లోనూ ఫలితాలు ఒకేలా రాలేదు. దీన్ని పట్టుకుని ఆటిజం ఉందని తేల్చలేం. కానీ ఒకటి తెలిసింది: కొత్తచోట ఆ పిల్లాడు ఏడ్చేది మొండితనంతో కాదు, ఒళ్ళు నిజంగానే బెదురుతోంది.

ఇది నల్లగొండ వాళ్ళకి తెలిసిన కథే. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంకర్లు పోతే కర్మ అనుకున్నారు. మన దేశంలో ఆ జబ్బు 1937లోనే, మద్రాసు ప్రెసిడెన్సీలో, వైద్య పత్రికకెక్కింది. నీళ్ళు కొలిచాకే కర్మ కాస్తా ఫ్లోరైడ్ అయింది. పటికా సున్నంతో నీటిని శుభ్రం చేసే పద్ధతికి జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని.

ఆటిజానికీ కొలబద్ద మన దగ్గరే తయారైంది. సికింద్రాబాదులో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 40 అంశాలతో ఒక స్కేలు తయారుచేస్తే, 2009లో విడుదలైంది. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు, 2016 చట్టంలో చేరింది.

కాయితం మీద బానే ఉంది. కానీ పాలమూరు నుంచి పనికోసం ఊళ్ళు తిరిగే కుటుంబం సంగతి ఆలోచించండి. గుడిసె మారుతుంది, భాష మారుతుంది, అన్నం వేళ మారుతుంది. మార్పే పడని పిల్లాడికి ఏడాదంతా మార్పే. చుట్టుపక్కల వాళ్ళేమో "తల్లి పెంపకం సరిగ్గా లేదు" అంటారు. బెటెల్‌హైమ్ పుస్తకం చదవకుండానే అదే మాట!

మనకి బగ్ వస్తే ముందు లాగ్ చూస్తాం, తర్వాతే ఎవర్నైనా అంటాం. ఆ పాటి మర్యాద ఆ అమ్మలకీ ఇద్దాం. ఏమంటారు?