గెలీలియో కన్నా ముందే గీసిన బొమ్మ

హోసూరు నుంచి కృష్ణగిరికి జాతీయ రహదారి మీద యాభై కిలోమీటర్లు. ఆలోపే నేల సుమారు 400 మీటర్లు కిందికి దిగుతుంది. టీవీఎస్ బండ్లూ అశోక్ లేలాండ్ లారీలూ తయారయ్యే హోసూరులో బండి ఎంతసేపట్లో వేగం అందుకుంటుంది, ఎంత దూరంలో ఆగుతుంది అన్నవి రోజువారీ లెక్కలు. వాటి మూలాలు తొమ్మిదో తరగతి చలన సమీకరణాల్లో ఉన్నాయి.

ఈ ఘనత అంతా గెలీలియోకే కట్టబెట్టడం మనకు అలవాటు. కానీ 1335లోనే ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కళాశాల పండితుడు విలియం హేట్స్‌బరీ ఒక సూత్రం రాసిపెట్టాడు. వేగం సమంగా పెరిగే వస్తువు ఎంత దూరం పోతుందో, తొలి, తుది వేగాల సగటుతో నిలకడగా నడిచినా అంతే దూరం పోతుంది. రాయి దొర్లించి చూసింది లేదు, అంతా తర్కమే! కొన్నేళ్లకు ఫ్రాన్సులో నికోల్ ఒరేమ్ దానికి బొమ్మ గీశాడు. అడ్డంగా కాలం, నిలువుగా వేగం. ఏటవాలు గీత కింది వైశాల్యమే దూరం.

ఆ బొమ్మను రెండుగా కోస్తే చాలు. కింది దీర్ఘచతురస్రం తొలివేగాన్ని కాలంతో గుణించిన లబ్ధం. పై త్రిభుజం త్వరణాన్ని కాలవర్గంతో గుణించి సగం చేసినది. రెండూ కలిపితే దూరం. తుదివేగమంటే తొలివేగానికి త్వరణ, కాలాల లబ్ధం కలపడమే. ఈ రెంటి నుంచి కాలాన్ని తొలగిస్తే మూడో సమీకరణం: తుదివేగ వర్గంలోంచి తొలివేగ వర్గం తీసేస్తే, త్వరణ, దూరాల లబ్ధానికి రెట్టింపు.

గెలీలియో కూడా మొదట తడబడ్డాడు. పడే వస్తువు వేగం పడిన దూరాన్ని బట్టి పెరుగుతుందని 1604లో మిత్రుడు సార్పీకి రాశాడు. అదే నిజమైతే నిశ్చలంగా ఉన్న రాయి అసలు కదలనే కదలదు. దూరం కాదు, కాలం అని తేల్చుకుని, వాలుపలక మీద గుండు దొర్లించి, నీటి గడియారంతో కొలిచాడు. ఆ ఫలితాన్ని 1638లో లైడెన్‌లో అచ్చయిన తన గ్రంథంలో పెట్టాడు. నా లెక్కలో ఆయన అసలు గొప్పతనం ఈ దిద్దుబాటే.

రోడ్డు మీద పని చేసేది మూడో సమీకరణం. బ్రేకు సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తే, గంటకు 36 కిలోమీటర్ల బండి 10 మీటర్లలో ఆగుతుంది. 72 అయితే 40 మీటర్లు. నూటికి అయిదు వంతుల దిగుడులో అదే బ్రేకుకు 44 దాటుతుంది. బ్రేకు డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలిందా, త్వరణం స్థిరంగా ఉండదు, ఈ సమీకరణాలేవీ వర్తించవు. అందుకే బ్రేకుల మీద భారం తగ్గించడానికి లారీ డ్రైవర్లు దిగుడు మొదలవకముందే గేరు తగ్గిస్తారు.