కడలిమీది యాపద – గట్టుమీది ధర్మము

నాది వెంకటాచలము. మా యూరు సముద్రపుటొడ్డునది కాదు; కాని కృష్ణపట్నపు రేవు మాకు తూర్పున దగ్గరలోనే కలదు. బడిపంతులుగా నున్న కాలమున నేనొకనాడు అచ్చటి యిసుకపై కూర్చుండి, యొక వృద్ధుడైన పట్టపువానిని "నడికడలిని తెప్ప తిరుగబడినచో నేమి చేయుదువు?" అని యడిగితిని. అతడు నవ్వి, "ఏముందయ్యోరూ! తెప్పను వదలకుండా ఉండడమే. వదిలినోడే పోతాడు" అనెను. ఆ చిన్నమాటలో నెంత చరిత్ర యిమిడియున్నదో నాకు తరువాతగాని తెలియలేదు.

తెప్ప యనగా కట్టుమరము. తేలికయైన దుంగలను కొన్నింటిని చేర్చి త్రాళ్లతో బిగింతురు. మేకులు లేవు, నీరు నిలుచు గుంటయు లేదు. పడవపై కెరటము పడినచో నీరు నిండి మునుగవచ్చును. తెప్పపై పడిన నీరు దుంగల సందులనుండి జారిపోవును. విరుగు కెరటమునకు అడ్డముగా నిలువక మొన నెదురుగా నుంచుటయు, తిరుగబడినచో దుంగలను పట్టుకొని, సరిచేసి, మరల నెక్కుటయు వారికి చిన్ననాటనే యబ్బిన విద్య.

చెన్నపట్నమున కట్టుడు రేవు లేని దినములలో ఓడలు దూరముననే లంగరు వేసెడివి. ప్రయాణికులను మసూలా పడవలలో నొడ్డునకు దెచ్చుచుండగా తెప్పలవారు వెంట నుండి, నీట పడినవారిని రక్షించెడివారు. అట్లు ప్రాణములు గాచినవారికి పతకము లిచ్చుటయు గలదు.

ఇది కడలిమీది మాట. ఇక గట్టుమీది మాట వినుడు. గాలివానకు కొట్టుకొనివచ్చిన యోడలోని సొమ్మును తీరమునేలు రాజులు బలిమిని గైకొనెడి యాచారము పూర్వముండెను. కెరటములనుండి బ్రతికి బయటపడిన వర్తకునకు రెండవ యాపద యొడ్డుననే కాచియుండెడిది! మన నెల్లూరి మనుమసిద్ధికి రాజ్యము నిలిపిన కాకతి గణపతిదేవుడు ఈ యాచారమును మాన్పెను. శాలివాహన శకము 1166, అనగా క్రీ. శ. 1244–45లో, చినగంజాము చేరువనున్న మోటుపల్లియందు అభయశాసనము వేయించెను. ప్రాణములకు తెగించి కడలి దాటువారి సొమ్ము వారిదే. రాజునకు ముప్పదింట నొకవంతు సుంకము మాత్రమే చెల్లునని దాని సారాంశము. 1358లో కొండవీటి అనపోతారెడ్డియు నచ్చటనే వర్తకుల కభయమిచ్చుచు శాసనము వేయించెను.

నేడు ఫైబరు పడవలు, యంత్రములు వచ్చి తెప్పలు తగ్గినవి. ఆపద మాత్రము తగ్గలేదు. 2004 డిసెంబరు 26న సునామీ గాలివాన లేకయే వచ్చి మన తీరమును తాకెను. నాడు ముందుగా చెప్పువారు లేరు. 2007లో హైదరాబాదున హెచ్చరిక కేంద్ర మేర్పడినది. ఐనను హెచ్చరిక పట్టణమున పుట్టినంత మాత్రమున చాలదు. పల్లెలోని కడపటి గుడిసెవరకు చేరవలెను. అది గ్రామపెద్దల పని.

కడలిలోనివాడు తెప్పను వదలరాదు. గట్టుననున్నవాడు కడలిలోనివానిని వదలరాదు. ఆ వృద్ధుడు చెప్పినది మొదటి సగము. గణపతిదేవుడు రాతిపై చెక్కించినది రెండవ సగము.