పసుపు లేపనం: గెలిచిన కేసు, చూడని పుండు



గాయానికి పసుపు మంచిదా కాదా అని ఎక్కడ చర్చ మొదలైనా పది నిమిషాల్లో ఎవరో ఒకాయన లేచి ఒక మాట అంటాడు. "పసుపులో ఔషధ గుణం ఉందని అమెరికా కోర్టే ఒప్పుకుందండీ, మనవాళ్ళు కేసు వేసి గెలిచారు కదా!" అని. దాంతో చర్చ ముగుస్తుంది. అమెరికాని అస్తమానం తిట్టేవాళ్ళకు కూడా ఈ ఒక్క విషయంలో అమెరికా సర్టిఫికెట్ కావాలి!

ఆ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. ఒకటి, అది కోర్టు కాదు, పేటెంటు ఆఫీసు. రెండు, పసుపు గాయాన్ని మాన్పుతుందని ఆ ఆఫీసు తేల్చలేదు. మూడు, పసుపు గాయాన్ని మాన్పుతుందని చూపించి పేటెంటు తీసుకున్నవాళ్ళే ఆ కేసులో ఓడిపోయారు.

ఈ మాట అన్నవాళ్ళలో ఒకప్పుడు నేనూ ఒకణ్ణి. అప్పటికే నేను హేతువాద సంఘ సభ్యుణ్ణి కూడా. ఆ మాటకు మా ఇంట్లో ఒకరు మూల్యం చెల్లించారు. అది తరవాత చెబుతాను, ముందు చరిత్ర చూద్దాం.

అసలు జరిగింది ఏమిటి?

1995 మార్చిలో అమెరికా పేటెంటు ఆఫీసు 5,401,504 నెంబరుతో ఒక పేటెంటు ఇచ్చింది. విషయం: గాయాలు మానడానికి పసుపు వాడకం. తీసుకున్నది మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం. కనిపెట్టినవారుగా నమోదైన ఇద్దరూ, సుమన్ కె. దాస్, హరిహర్ పి. కోహ్లీ, మన దేశ మూలాలున్నవాళ్ళే. పసుపు పొడిని గాయం మీద వేయడం, నోటి ద్వారా ఇవ్వడం రెండూ అందులో ఉన్నాయి.

అది ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టిన సంవత్సరం. మన వేప మీద, మన విత్తనాల మీద విదేశీ కంపెనీలు హక్కులు రాయించుకుంటున్నాయని దేశమంతా కోపంగా ఉంది. ఆ కోపంలో న్యాయముంది. మాషేల్కర్ గారి నాయకత్వంలోని సీఎస్ఐఆర్ 1996 అక్టోబరులో ఆ పేటెంటును మళ్ళీ పరిశీలించమని దరఖాస్తు పెట్టింది. 1997 ఆగస్టులో పేటెంటు ఆఫీసు ఆ పేటెంటులోని ఆరు క్లెయిములనూ కొట్టేసింది.

మరి ఈ పేటెంటు అసలెలా వచ్చింది? ప్రతి ఇంట్లో అమ్మమ్మకు తెలిసిన సంగతి వాళ్ళకు తెలియదా? తెలిసినా లెక్కలోకి రాదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఒక విషయం వాళ్ళ దేశంలో వాడుకలో ఉంటే చాలు, అది కొత్తది కాదు. విదేశాల్లో వాడుకలో ఉంటే మాత్రం చాలదు, అది అచ్చయి ఉండాలి, లేదా పేటెంటు పొంది ఉండాలి. అంటే వంద కోట్ల మంది నోటిమాట చెల్లదు, ఒక్క కాగితం చెల్లుతుంది. అందుకే సీఎస్ఐఆర్ వాళ్ళు కాగితాల వేటలో పడ్డారు. సంస్కృతం, ఉర్దూ, హిందీ భాషల పాత గ్రంథాలతో సహా 32 ఆధారాలు పోగుచేశారు. వాటిలో 1953 నాటి ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్ వ్యాసం కూడా ఉంది. ఈ అనుభవం తరవాతే 2001లో సంప్రదాయ విజ్ఞానపు డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. అది మంచి పని, దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు.

కానీ ఆ 32 కాగితాలు రుజువు చేసింది ఏమిటి? "ఇది పాత సంగతి" అని. అంతే! "ఇది నిజమైన సంగతి" అని కాదు. పేటెంటు ఆఫీసు అడిగే మొదటి ప్రశ్న ఇది కొత్తదా అని. ఒక మందు మనుషుల్లో పనిచేస్తుందా, ప్రమాదం లేదా అని తేల్చే పని అక్కడ వేరే సంస్థది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కల్లో పనిచేశాను. చదివింది బీకాం, వైద్యం కాదు. కానీ ఈ తేడా మాత్రం నా వృత్తి నాకు బాగానే నేర్పింది. స్టోర్సు ఆడిట్‌కి వెళ్తే లెడ్జరులో ఇరవై ఏళ్ళుగా ఒకే ఎంట్రీ కనిపిస్తుంది, నలభై టార్పాలిన్లు అని. ప్రతి ఏడూ కిందటి ఏడు బాకీ చూసి ముందుకు తెచ్చుకుంటారు. ఎంట్రీ పాతదే, అందరూ సంతకం పెట్టిందే. గోడౌన్ తలుపు తీసి లెక్కపెడితే కదా ఎన్నున్నాయో తెలిసేది! మనం పసుపు విషయంలో లెడ్జరు చూపించి కేసు గెలిచాం. గోడౌన్ తలుపు తీశామని అనుకున్నాం.

పాత గ్రంథాల్లో పూర్తిగా ఏముంది?

సుశ్రుత సంహితలో గాయాల చికిత్సకు అరవై రకాల ఉపక్రమాలు చెప్పారు. వాటిలో లేపనాలు ఉన్నాయి, పసుపు ఉంది. కానీ కోయడం, చీము తీయడం, కుళ్ళిన భాగాన్ని తొలగించడం, కడగడం, కుట్టడం, కట్టు కట్టడం కూడా ఉన్నాయి. అంటే ఆ రోజుల్లో తెలిసినంతలో అది ఒక పద్ధతి. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని కాలంలో పుండును కళ్ళతో చూసి, శుభ్రం చేసి, మందు పెట్టారు. మనం చేసిందేమిటి? కష్టమైన పనులన్నీ వదిలేసి వంటింట్లో దొరికే పసుపును మాత్రం ఉంచుకున్నాం. పైగా దానికి సంప్రదాయం అని పేరు పెట్టాం. సుశ్రుతుడి పేరు చెప్పి పుండును కడక్కుండా పసుపు పూస్తే సుశ్రుతుడే ఒప్పుకోడు.

లేబొరేటరీ ఏమంటుంది?

పసుపులోని రంగు పదార్థాన్ని 1815లో ఫ్రాన్సులో వోగెల్, పెల్తియే వేరు చేశారు. అదే కుర్కుమిన్. దాని రసాయన నిర్మాణం 1910లో తేలింది. 1949లో నేచర్ పత్రికలో కుర్కుమిన్ కొన్ని బాక్టీరియాల పెరుగుదలను ఆపుతుందని వ్యాసం వచ్చింది. కాబట్టి పసుపులో ఏమీ లేదు అనేవాణ్ణి కాను నేను. ఎలుకల గాయాల మీద చేసిన ప్రయోగాల్లో మంచి ఫలితాలు వచ్చినవీ ఉన్నాయి.

అయితే గాజుపళ్ళెం వేరు, మనిషి కాలు వేరు. పసుపు పొడిలో కుర్కుమిన్ బరువు నూటికి రెండు నుంచి అయిదు పాళ్ళు మాత్రమే. అది నీళ్ళలో దాదాపు కరగదు. వెలుతురుకి చెడుతుంది, క్షార గుణం తగిలితే మారిపోతుంది. మన దిష్టి నీళ్ళ రహస్యం ఇదే కదా. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడతాయి. బాబాల మహిమలను బయటపెట్టే మన ప్రదర్శనల్లో ఈ 'రక్తం' అందరూ చూసిందే. ఇంత తేలిగ్గా అన్నిటితోనూ చర్య జరిపే పదార్థం పరీక్షల్లో లేని గుణాలను కూడా ఉన్నట్టు చూపిస్తుందని 2017లో అమెరికా శాస్త్రవేత్తలు ఔషధ రసాయన శాస్త్ర పత్రికలో సుదీర్ఘ సమీక్ష రాశారు. అప్పటికి కుర్కుమిన్ మీద నూరుకు పైగా మానవ ప్రయోగాలు జరిగాయి. రోగికీ వైద్యుడికీ ఏది అసలు మందో ఏది ఉత్తుత్తి మందో తెలియకుండా చేసే కట్టుదిట్టమైన ప్రయోగాల్లో ఒక్కటీ సఫలం కాలేదని వాళ్ళు తేల్చారు. అది ముఖ్యంగా కుర్కుమిన్ గురించి, పసుపులో ఇంకా ఇతర పదార్థాలున్నాయి అనే వాదన ఉంది. న్యాయమైనదే. అలాగైతే ఆ పదార్థాలను పరీక్షించి చూపించాలి. పరీక్షించకుండా ముందే పూయమనడం ఏం న్యాయం?

ఇక్కడ ఇంకో చేదు నిజం. ఈ రంగంలో ఎంతో పేరు పొందిన ఒక ప్రయోగశాల నుంచి వచ్చిన పత్రాల్లో బొమ్మలు సరిగా లేవని తేలి ఇరవైకి పైగా ఉపసంహరించారు. మన పత్రికలు ఆ పత్రాలు వచ్చినప్పుడు మొదటి పేజీలో వేశాయి. వెనక్కి తీసుకున్నప్పుడు వెతికినా కనబడలేదు.

"పై పూతే కదా, పోయేదేముంది?"

పోయేది ఉంది. పసుపు ఎలా తయారవుతుందో మా వైపు పిల్లలకి కూడా తెలుసు. దుగ్గిరాల దగ్గర పల్లెల్లో కొమ్ములు ఉడకబెట్టి రోజుల తరబడి కళ్ళంలో ఎండబోస్తారు. అక్కడే కోళ్ళు, అక్కడే కుక్కలు. ఉడకబెడితే బాక్టీరియా చాలావరకు చస్తుంది కానీ కొన్ని జాతుల బీజాలు చావవు, ఎండబోసినచోట కొత్తవి చేరతాయి. కూరలో వేసుకుంటే ఇబ్బంది లేదు, తెగిన చర్మం మీద వేస్తే అది వేరే సంగతి. ధనుర్వాతం క్రిమి బీజం మట్టిలోనే ఉంటుంది. ముల్లు గుచ్చుకున్న లోతు గాయాన్ని పసుపుతో కప్పేస్తే ధనుర్వాతం ఆగదు. ఆపేది టీకా. పసిపిల్లల బొడ్డు మీద పసుపు, బూడిద, పేడ పెట్టిన రోజుల్లో ఎంతమంది పిల్లలు పోయారో పాత తరం మంత్రసానులకు తెలుసు. తల్లులకు టీకాలు, శుభ్రమైన కాన్పుల వల్లే 2015లో మన దేశం బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశాల జాబితాలో చేరింది. పసుపు అంతకుముందు కూడా ఉంది కదా, మరి అప్పుడెందుకు ఆపలేకపోయింది?

ఇక కల్తీ. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలపడం బంగ్లాదేశ్‌లో పెద్ద ఎత్తున బయటపడింది. 2019లో అక్కడి మార్కెట్లలో పరీక్షించిన పసుపులో 47 శాతం నమూనాల్లో అది ఉంది. ప్రభుత్వం గట్టిగా పట్టుకుంటే 2021కి సున్నాకి వచ్చింది. మన దేశంలోనూ కొన్నిచోట్ల ఈ కల్తీ దొరికింది. కొందరికి అసలైన పసుపే పడదు, చర్మం మీద దురద, దద్దుర్లు వస్తాయి.

ఇప్పుడు మా ఇంటి సంగతి

1997 ఆగస్టులో నేను జబల్‌పూర్‌లో ఉన్నాను. పేటెంటు రద్దు వార్త చదివి పొంగిపోయాను. తెలుగు పేపరు ముక్క కత్తిరించి, తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉన్న పెద్దన్నయ్యకి ఉత్తరంతో పంపాను. ఆయన పసుపు రైతు. "చూశావా అన్నయ్యా, మన పసుపు అమెరికానే ఓడించింది" అని రాశాను. ఆయన ఆ ముక్కని అద్దం వెనక దోపుకుని వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడట.

2003లో ఆయనకి యాభై ఆరేళ్ళు. అప్పటికి ఎనిమిదేళ్ళుగా చక్కెర వ్యాధి. చేలో కుడికాలి వేళ్ళ మధ్య తుమ్మముల్లు దిగింది. చక్కెర వ్యాధిలో నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. పసుపు, వేపాకు నూరి ఆముదంలో కాచి పూశాడు. ఇరవై రోజులు రోజూ పూశాడు. వదిన ఆసుపత్రికి వెళ్దామంటే అద్దం వెనక కాగితం చూపించాడు. "తమ్ముడు లెక్కల ఆఫీసరు, ఊరికే పంపుతాడా?" అన్నాడట.

వాసన వచ్చాక గుంటూరు తీసుకెళ్ళారు. నేను సెలవు పెట్టి వచ్చేసరికి రెండు వేళ్ళు తీసేశారు. డాక్టరు నాతో అన్న మాట ఇది: "పసుపు పూతకి చర్మం రంగే తెలియలేదండీ. ఎర్రబడిందా, నల్లబడిందా చూడ్డానికి ముందు కడగాల్సి వచ్చింది. కనీసం పది రోజుల ముందు వస్తే వేళ్ళు ఉండేవి." పసుపు ఆ పుండును చేసిందని ఆయన అనలేదు, నేనూ అనను. అది పుండును దాచింది, రోజులు తినేసింది. ఏదో ఒకటి చేస్తున్నామన్న ధైర్యమిచ్చి చేయాల్సింది చేయనివ్వలేదు.

అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. వదిన మాత్రం ఆ పేపరు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు పంపిందే బాబూ" అంది. అంతే. అది ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో అన్నీ నిజాలే. పసుపు పనిచేస్తుందని ఎక్కడా లేదు. అది నేను కలుపుకుని చదివాను. మా అన్నయ్య నా చదువుని నమ్మాడు.

ఊళ్ళో అమ్మవారి మహిమ అంటే రుజువేదని అడిగే నేను, నా దేశం గెలిచిందనేసరికి అడగడం మర్చిపోయాను. ఇష్టం లేని నమ్మకాన్ని ప్రశ్నించడం సులువే. ఇష్టమైన నమ్మకం దగ్గరే మన హేతువాదం ఎంతో తెలుస్తుంది. పేటెంటు కేసులో మనం గెలవడం న్యాయం. మన అమ్మమ్మల తెలివి మీద ఎవడో గుత్తహక్కు రాయించుకోవడం దొంగతనం. ఈ రెండూ ఒప్పుకుంటూనే, ఆ తెలివి ఎంతవరకు నిజమో పరీక్షిద్దాం అనొచ్చు. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు వచ్చింది. రైతుకి ధర రావాలి, సంతోషమే. అమ్మకాల ప్రచారంలో గాయాల మందు అనే మాట కలిపితే మాత్రం రుజువు అడగాలి.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో పది కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి ఉంది. అంటే అన్నయ్య లాంటి కాళ్ళు ఎన్నో ఉన్నాయి. కాబట్టి వైద్యుణ్ణి కాకపోయినా, వైద్యులందరూ చెప్పేదే చెబుతాను. గాయమైతే ముందు ధారగా నీళ్ళు, సబ్బు. శుభ్రమైన కట్టు. లోతైనదైతే, తుప్పో మట్టో తగిలితే, టీకా గురించి అడగండి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు రోజూ పాదాలు చూసుకోండి, ఎంత చిన్న పుండైనా డాక్టరుకి చూపించండి. పుండు రంగు కనబడకుండా చేసే ఏ పూతా వద్దు, అది పసుపైనా, కాఫీ పొడైనా, సిరా అయినా.

అన్నయ్యకి ఇప్పుడు డెబ్బై ఎనిమిది దాటాయి. ప్రత్యేకంగా కుట్టించిన చెప్పు వేసుకుని నడుస్తాడు. కిందటి సంక్రాంతికి వెళ్తే కత్తిపీటకి వేలు తెగితే సబ్బుతో కడుక్కుని, నా వంక చూసి నవ్వి, చిటికెడు పసుపు అద్దుకున్నాడు. "కడిగాను కదరా!" అన్నాడు. నేనేమీ అనలేదు. కానీ సాయంత్రం కట్టు విప్పించి ఒకసారి చూశాను.