సమాచార హక్కు చట్టం: ఆంధ్రప్రదేశ్

ప్రభుత్వ రికార్డులు చూసేందుకు, నకళ్లు తీసుకునేందుకు పౌరులకు హక్కునిచ్చిన చట్టం. వాడుకలో స.హ. చట్టం, ఆర్టీఐ. ఇలాంటి చట్టాన్ని ప్రపంచంలో మొదట చేసింది స్వీడన్, 1766లో. మన దేశంలో మాత్రం 1923 నాటి అధికార రహస్యాల చట్టం స్వాతంత్ర్యం వచ్చాకా కొనసాగింది. ప్రజలకు తెలుసుకునే హక్కు ఉందని 1975లో రాజ్‌నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినా ఆఫీసు బీరువాల తాళాలు రాలేదు.

ఆ తాళాలు అడిగింది రాజస్థాన్ కూలీలు. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులు 1990లో దేవ్‌డూంగ్రీ అనే పల్లె కేంద్రంగా మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. చేసిన పనికి కనీస కూలి ఎందుకు రావడం లేదో తేల్చుకోవాలంటే మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చూడాలన్నది వారి వాదన. 1994 నుంచి ఊరి మధ్య జనాన్ని కూర్చోబెట్టి బిల్లులు చదివించారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. మరుసటి ఏడాది తమిళనాడు సొంత చట్టం చేసుకుంది. 2002లో పార్లమెంటు చేసిన చట్టం అమలుకే నోచుకోలేదు. ఇప్పుడున్నది 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఆ మర్నాడే జీవో 454 ఇచ్చింది. దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలి పంచాయతీలో వీధి దీపాల ఖర్చు అడగాలంటే తెల్లకాగితం చాలు. మండల పరిషత్తుకైతే 5 రూపాయలు. జిల్లా స్థాయి దరఖాస్తు ఒకప్పుడు ఏలూరుకు వెళ్లేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక భీమవరం వెళ్తోంది. పౌర సమాచార అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల వంతున, 25 వేలు మించకుండా జరిమానా పడుతుంది.

లెక్కలు జనం ముందు చదివే రాజస్థాన్ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పథకంలో ఇమిడిపోయింది. 2006లో మొదలైన సామాజిక తనిఖీకి 2009లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. తనిఖీ బృందం మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ‘ఈ వారం పనికి వెళ్లారా, ఎన్ని రోజులు, చేతికి ఎంత వచ్చింది’ అని అడుగుతుంది. తేడాలను గ్రామసభలో, తర్వాత మండల ప్రజావేదికలో అధికారుల ఎదుటే చదువుతుంది.

స.హ. చట్టానికి 2019లో చేసిన సవరణతో, జరిమానా వేసే సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతాలు నిర్ణయించే అధికారం కేంద్రానికి వెళ్లింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం స.హ. చట్టంలో వ్యక్తిగత సమాచారానికి ఉన్న మినహాయింపును విస్తరించింది. మస్టరులో కూలీ పేరు, కూలి మొత్తం కూడా దాని కిందికే వస్తాయేమోనని ఉద్యమకారుల అభ్యంతరం.